పురిటింటి వ్రాయని పద్దులు

బిడ్డ పుట్టిన యింట మన మేమేమి వ్రాసికొందుము? పుట్టిన గడియ, నక్షత్రము, పాదము, బిడ్డ తూకము. ఇవి పంచాంగపు టంచుననో, ఆసుపత్రి చీటిమీదనో భద్రముగా నుండును. కాని యా బిడ్డను మొట్టమొదట చేతులలోనికి తీసికొన్న స్త్రీ యెవరు? పదియేండ్లు గడచిన పిమ్మట ఆ పేరు జ్ఞప్తియందున్న యిల్లు మిక్కిలి యరుదు.

ఈ మఱపు నేటిది కాదు. ఉత్తర రామాయణమున సీతాదేవి వాల్మీకి యాశ్రమమందు కవలలను కనినప్పుడు మహర్షి దర్భలను రెండు భాగములు చేసి, ఆశ్రమమందలి వృద్ధస్త్రీల కిచ్చి, ముందు పుట్టినవానిని కుశలతోను వెనుక పుట్టినవానిని లవముతోను తుడువుడని చెప్పెను. కుశుడు, లవుడు అను పేర్లు అట్లు వచ్చినవి. దర్భల పేర్లు బిడ్డలకు నిలిచినవి గాని, ఆ రాత్రి దర్భలు పట్టిన యవ్వల పేర్లు కావ్యమున లేవు.

వైద్యగ్రంథములు మాత్రము వారినిగూర్చి కొంత చెప్పినవి. ప్రసవవేళ నలుగురు స్త్రీలు పరిచర్య చేయవలెననియు, వారు వయసు ముదిరినవారును, ప్రసవకార్యమున నేర్పరులును, గోళ్లు కత్తిరించుకొన్నవారును కావలెననియు సుశ్రుతము విధించుచున్నది. పలుమార్లు కనినవారు, స్నేహము గలవారు దగ్గర నుండవలెనని చరకసంహిత చెప్పుచున్నది. గోళ్ల శుభ్రతయు, మనసులోని స్నేహమును రెండును కావలెనని యంత పూర్వకాలముననే పెద్దలు గుర్తించిరి. వీనిలో శుభ్రత నేటి రిజిస్టరుల కెక్కినది. స్నేహమున కింకను గడి లేదు. ఆ గడి లేని పనినిగూర్చియే మేమిచ్చట నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మన పల్లెలలో తరతరములుగా ఆ పని చేసినది మంత్రసాని. "మంత్రసానితనమున కొప్పుకొన్న తరువాత ఏది వచ్చినా పట్టవలె" నను సామెత మన మందఱము నెఱిగినదే. దానిని మనము నవ్వుటకు వాడుకొనుచున్నాము గాని, అందలి భారము నాలోచింపము. ఆమె యెక్కువ చోట్ల మంగలి కులమునకో, హరిజనవాడకో చెందినదిగా నుండెడిది. నొప్పులు వచ్చిన రాత్రి ఆమె లేనిదే గడవదు. అందఱును ముట్టరాదన్న నెత్తురు ఆమె ముట్టవలెను, మాయను పాతిపెట్టవలెను, మైలగుడ్డలు ఉతుకవలెను. పురుడు వెళ్లినపిదప చాటెడు బియ్యము, ఒక పాతచీర చేతికి వచ్చును. ఆ తరువాత ఆ యింటి నడవ దాటి లోనికి రాగూడదు. తాను పట్టిన బిడ్డ పెండ్లినాడు సైతము ఆమె పందిటి వెలుపలనే నిలుచుండెడిది.

ఆమె పనిలో లోపములు లేవని మే మనము. కొడవలితోనో వెదురుబద్దతోనో బొడ్డు కోయుటవలనను, బొడ్డుమీద బూడిద చల్లుటవలనను ఎందఱో పసికూనలు ధనుర్వాతము పాలైరి. ఈ బాధను మాన్పవలెనని 1903లో వైస్రాయి భార్య లేడీ కర్జన్ విక్టోరియా స్మారకనిధి నేర్పఱచి, మంత్రసానులకు శుభ్రతను నేర్పించుటకు పూనుకొనెను. శుభ్రమైన చేతులు, శుభ్రమైన పడక, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారము, బొడ్డుపై నేమియు రాయకుండుట అను నైదు నియమములును, చూలాండ్రకు వేయు టీకాయును క్రమముగా ఊరూర వ్యాపించినవి. తుదకు 2015లో మన దేశమున తల్లీబిడ్డల ధనుర్వాతము తొలగినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపఱచినది.

ఈ గెలుపు వెనుక రెండు తరముల పల్లె ఉద్యోగినులు కలరు. 1946లో భోరు సంఘమువారు తమ నివేదికలో, దేశమంతటికిని శిక్షణపొందిన మంత్రసానులు 5000 మంది మాత్రమే యున్నారని చూపిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట పల్లెలకు ఏ.ఎన్.ఎం. లనబడు సహాయక నర్సులను పంపిరి. మైదానములలో 5000 జనమునకు, కొండప్రాంతములలో 3000 జనమునకు ఒక ఉపకేంద్రము చొప్పున లెక్క కట్టిరి. 1973లో కర్తార్ సింగ్ సంఘము సలహాపై ఆమె బహుళప్రయోజన కార్యకర్త యయ్యెను. అనగా మలేరియా, టీకాలు, కుటుంబనియంత్రణము మొదలైన పనులన్నియు ఆమె నెత్తికెక్కినవి. ప్రసవవిద్యకు మిగిలిన కాలము తఱిగిపోయినది. 2005లో ప్రారంభమైన గ్రామీణ ఆరోగ్య పథకముతో ప్రతి 1000 మందికిని ఒక ఆశా కార్యకర్త వచ్చినది. ఇదియంతయు వ్రాతలో నున్న చరిత్ర.

ఇక వ్రాతలో లేని చరిత్ర మాకెట్లు తెలిసినదో మనవి చేయుదుము. మేము కాపురముండు లాలాగూడ, నిజాము రైల్వేవారు 1893లో నెలకొల్పిన కర్మాగారము నంటిపెట్టుకొని పెరిగిన పేట. రైల్వే కుటుంబములకు పెద్ద ఆసుపత్రి దగ్గరనే కలదు. అయినను మా వీధి కోడండ్రలో పలువురు తొలికాన్పునకు పుట్టింటికే పోవుదురు. వారి పుట్టిండ్లు సికిందరాబాదునుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున ఘటకేసరము, భువనగిరి, ఆలేరు, జనగామ చుట్టుపట్ల పల్లెలు. మా ప్రక్కవాటాలో, ఆ పల్లెలలోనే ముప్పది యేండ్లు ఏ.ఎన్.ఎం.గా పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్న యొక పెద్దావిడ కుమారునియొద్ద నున్నది. మే మామెను చిన్నమ్మ యని పిలుతుము. సాయంకాలము పప్పు ఏరుకొనుచు ఆమె చెప్పిన సంగతులే యీ వ్యాసమునకు మూలధనము.

ఒకనాడు మేము, "చిన్నమ్మా, మీరు రిజిస్టరులో ఏమేమి వ్రాసెడివారు?" అని యడిగితిమి. ఆమె నవ్వి యిట్లనినది: "కాన్పు ఒకటి, ఆడపిల్ల, రెండున్నర కిలోలు అని రాస్తుంటిమి బిడ్డా. ఆ ఒక్క కాన్పుకు నిన్న పొద్దుమూకినంక పోతిని, ఇయ్యాల పొద్దుగాల్ల కన్నది. రాత్రంత దాని నడుము రాసుకుంట, ముచ్చట్లు చెప్పుకుంట కూసుంటిని. గదంత ఏ గడిల రాయాలె?"

ఉపకేంద్రపు ఉద్యోగమునకు ఉత్తర్వు ఇచ్చినది ప్రభుత్వము. కాని ఆ యుద్యోగము నడచినది ఊరివారి మన్ననవలన. టీకాపెట్టెను మోసికొని బుధ శనివారములలో ఆమె బస్సెక్కినప్పుడు, మంచుదిమ్మలు కరగకుండ పెట్టెను నీడపాటున పెట్టుటకు కండక్టరే చోటు చూపెడివాడు. స్టాపు లేని చోట డ్రైవరు ఆమెకొఱకు బండి నిలిపెడివాడు. ఆఖరు బస్సు తప్పినరోజున పడుకొనుటకు బడిపంతులుగారి యిల్లు. ఆకలి వేళకు ఏ యింట మజ్జిగ దొరకునో, ఏ యింట నీళ్లను చెంబు పైకెత్తి దోసిటిలో పోయుదురో ఆమెకు తెలియును. "సూది ఏసేటప్పుడు ముట్టుకుంటే మైల కాదు, నీళ్లు తాగేటప్పుడే మైల," అని ఆమె యే యూరినిగాని, యే యింటినిగాని పేర్కొనక ఒక్కసారి మాత్రమే యనినది. మంత్రసానిని పందిటి వెలుపల నిలిపిన యాచారము నర్సమ్మ గ్లాసువరకును వెంట వచ్చినదన్నమాట.

పై యధికారులు మంత్రసానికి శిక్షణ యిమ్మని ఆమెకు చెప్పిరి. ఊరిలో జరిగినది వేఱు. మొదట ఇద్దఱును ఒకరినొకరు అనుమానముతో చూచుకొనిరి. పిదప ముసలి మంత్రసాని కడుపుమీద చేయివేసి బిడ్డ అడ్డముగా నున్నదని చెప్పుట, చిన్నమ్మ చూచి నిజమనుట, ఇద్దఱును కలిసి అత్తగారిని ఒప్పించి బండి కట్టించుట పరిపాటియైనది. ఒకరికి సూదిమందు తెలియును. రెండవవారికి ఆ యింటి అత్తగారి స్వభావము తెలియును. ఆ రెండవ విద్య యే శిక్షణకేంద్రమునను బోధింపబడదు. వారిరువురు తమలో తాము బిడ్డలకు మాఱుపేర్లు పెట్టుకొనెడివారట. వానరాత్రి పుట్టినది వానపిల్ల. ఆసుపత్రికి పోవు త్రోవలో కలిగినవాడు బస్సుపోరడు. ఆ వేడుకమాటలే వారికి సెలవులును, వారికి సంబరములును.

ఆ వేడుక క్రింద భయమును కలదు. కాన్పు సుఖముగా జరిగి బిడ్డ యేడ్చిన పిమ్మట ఇల్లంతయు బిడ్డవైపు తిరుగును. నర్సమ్మ చూపు మాత్రము తల్లి పడకమీదనే యుండును. కాన్పు తరువాత నెత్తురు అరలీటరుకు మించి పోయిన ప్రమాదము. అది నిలువనిచో రెండు గంటలలోనే ప్రాణము పోవచ్చును. నెత్తురు తక్కువైన తల్లికి అంత వ్యవధి కూడ నుండదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము మన తెలంగాణమున చూలాండ్రలో సగమునకు మించినవారికి రక్తహీనత కలదు. కావున కాన్పునాటి గండమును తప్పించు పని అయిదవ నెలకు ముందే ఇనుపమాత్రతో ప్రారంభము కావలెను.

ఇచ్చటనే ఆశా కార్యకర్త పని మొదలగును. మాత్రలు ఇచ్చితి నని ఆమె కాగితమున వ్రాయును. కాని యిచ్చిన మాత్ర మ్రింగబడిన మాత్ర కాదు. కడుపు త్రిప్పుచున్నదని ఒకతె గూటిలో దాచును. మలము నల్లబడినదని మఱియొకతె జడిసి మానును. బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని అత్తగారు పాఱవేయించును. ఆశా కార్యకర్త రోజు విడచి రోజు గడపలో కూర్చుండి, మలము నల్లబడుట దోషము కాదని, భోజనమైన పిదప నిమ్మకాయ నీటితో మ్రింగవలెనని, మాత్రకు ముందువెనుకల చాయ త్రాగరాదని వేయిసార్లు చెప్పును. ఆ వేయిసార్లకు లెక్క లేదు.

చూలాలు ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో ఊరు మాఱినప్పుడు మఱియొక చిక్కు కలదు. పేరు అత్తవారి ఊరి రిజిస్టరులో నుండును, మనిషి పుట్టింట నుండును. పైకాగితములు కదలుటకు పట్టు కాలములో కాన్పే యైపోవచ్చును. అందుచే ఆ యూరి యామె ఈ యూరి యామెకు తన సొంత ఫోనునుండి, "అక్కా, మా కోడలు మీ ఊరికొచ్చింది, బీపీ ఎక్కువున్నది, జర చూడుండ్రి" అని చెప్పును. ఎవరి కోడలు? ఆమెకు చుట్టము కాదు, పక్కము కాదు. అయినను ఆ "మా కోడలు" అను మాటవలన ఎన్ని తలనొప్పులు, కండ్లమసకలు, ముఖపు వాపులు సకాలమున పట్టుబడినవో చెప్ప శక్యము గాదు. ఇవి గుఱ్ఱపువాతమునకు ముందు వచ్చు గుర్తులని మన మందఱము నెఱిగియుండుట మంచిది.

నొప్పులు వచ్చిన రాత్రి 108కో, అమ్మ ఒడి యనబడు 102 బండికో ఫోను చేయునది తఱచుగా ఆమెయే. వెంట పోవునదియు ఆమెయే. చూలాలు లోనికి పోయినపిదప ఆమెకు మంచము లేదు. నడవలో దుప్పటి పఱచుకొని, తన యింట పిల్లలకు ఎవరు అన్నము పెట్టిరో అని యోచించుచు తెల్లవాఱు వఱకుండును. ఆమెను ఉద్యోగి యనక స్వచ్ఛంద కార్యకర్త యనిరి. పనికి జీతముగాక పారితోషికము నేర్పఱచిరి. అది చాలక 2015లో తెలంగాణపు ఆశా కార్యకర్తలు నూరుదినములకు మించి సమ్మె చేసిరి. 2017లో వారి పారితోషికము నెలకు 6000 రూపాయలకు పెంచబడినది. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశా కార్యకర్తలకు పురస్కార మిచ్చి గౌరవించినది. లోక మిచ్చిన గౌరవము మంచిదే. ఊరి గడపలో ఒక కుర్చీ వేసి యిచ్చు గౌరవము ఆమెకు మఱింత దగ్గఱది.

ఈ స్త్రీలందఱి పాటువలన కలిగిన ఫలమును అంకెలలో చూడవచ్చును. లక్ష సజీవ ప్రసవములకు తల్లుల మరణములు తెలంగాణమున 2014-16 లెక్కలో 81 ఉండగా, 2018-20 లెక్కలో 43కు దిగినవి. 2019-21 పరిశీలనలో 100 కాన్పులకు 97 ఆసుపత్రులలోనే జరిగినవి. ఇంత చక్కని యంకె ప్రక్కనే మఱియొక యంకె కలదు. ఆ 2019-21 పరిశీలనయందే 100 కాన్పులకు 60 పైబడి శస్త్రచికిత్సతో జరిగినట్లు తేలినది. ప్రైవేటు ఆసుపత్రులలో 81 పైబడియు, ప్రభుత్వ ఆసుపత్రులలో 44 పైబడియు నున్నవి. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశపఱచిన నిపుణులు 10నుండి 15కు మించుటకు తగిన కారణము లేదని యభిప్రాయపడిరి.

కత్తి ప్రాణము నిలుపు సందర్భములు కలవు. దానిని నిందించుట మా యుద్దేశము గాదు. కాని యింతమంది తెలంగాణపు తల్లుల దేహములే వంకరగా నున్నవా? ముహూర్తము చూచి బిడ్డను తీయుమని యడుగు ఇంటివారు కొందఱు. నొప్పి కోర్వలేమని తొందరపడువారు కొందఱు. ఒక్క చూలాలియొద్ద రాత్రియంతయు కూర్చుండుటకు మనిషి లేని యాసుపత్రులు మఱికొన్ని. శస్త్రచికిత్స అరగంట పని, అది వ్రాతకెక్కును, దానికి వెల కలదు. నడుము రాయుచు, నడిపించుచు, నీళ్లు త్రాగించుచు పండ్రెండు గంటలు వేచియుండుట వ్రాతకెక్కదు, దానికి వెల లేదు. వెల లేని పని మెల్లగా మాయమగును. చిన్నమ్మకు ఏ గడిలో వ్రాయవలెనో తెలియని యా రాత్రియే నేడు ఆసుపత్రులలో కఱవైనది.

దీనిని మరల తెచ్చుటకు ప్రయత్నములు జరిగినవి. హైదరాబాదునందలి ఫెర్నాండెజ్ ఆసుపత్రివారు 2011లో ప్రసవసేవికల శిక్షణము నారంభించిరి. 2017లో తెలంగాణ ప్రభుత్వము, యునిసెఫ్ సంస్థ వారితో కలిసి ప్రభుత్వ నర్సులు 30 మందికి పదునెనిమిది నెలల శిక్షణ యిప్పించిరి. కరీంనగరపు ప్రభుత్వ ఆసుపత్రి అందులకు తోడ్పడినది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని ఇట్టి సేవికలనుగూర్చి మార్గదర్శకములు వెలువరించినది. ఇతర దేశములలోను ఇట్టి యుదాహరణములు కలవు. అమెరికాయందలి కెంటకీ కొండలలో 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అను నామె స్థాపించిన సంస్థలో, శిక్షణపొందిన నర్సులు గుఱ్ఱములెక్కి వాగులు దాటి చూలాండ్ర యిండ్లకు పోయిరి. చదువును స్నేహమును ఒకే స్త్రీయందు ఇమిడ్చిన పని అది. సుశ్రుతుడు చెప్పిన గోళ్లు, చరకుడు చెప్పిన మనసు రెండును ఆ నర్సులయందు కూడివచ్చినవి.

సోదరీమణులారా, ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయుగాక. జీతము, విశ్రాంతిగది, రాత్రివేళ తోడు వారికి హక్కుగా రావలసినవే. వానికొఱకు వారు నోరు విప్పినప్పుడు మన మందఱము వారి పక్షమున నుండవలెను. ఇవిగాక మన గడపలలోనే చేయదగిన పనులు కొన్ని గలవు. వీనికి ఖర్చు లేదు.

మన యింట చూలాలున్నచో ఆమె కార్డును పుట్టింటికి వెంట పంపుదము. పోవుటకు ముందే రెండూళ్ల సేవికలకు చెప్పుదము. ఇనుపమాత్రను దాచుటలో అత్తలమైన మనము తోడుపడక, మ్రింగించుటలో తోడుపడుదము. ముహూర్తము పెండ్లికి చాలును, పుట్టుకకు బిడ్డయే ముహూర్తము పెట్టుకొనును. పండుగకు ఊరికి పోయినప్పుడు అచ్చటి నర్సమ్మ వచ్చినచో కూర్చుండబెట్టి మన గ్లాసుతోనే నీళ్లిత్తము. అర్ధరాత్రి పిలిచిన యింటివారు తెల్లవాఱినపిదప ఆమెను తిరిగి యింటివఱకును దిగబెట్టవలెనని మన పురుషులకు నేర్పుదము. ఆసుపత్రి నడవలో దుప్పటి పఱచుకొన్న ఆశా కార్యకర్తకు మన డబ్బాలోని యన్నము సగము పెట్టుదము.

మఱియొక మనవి. ఈ మారు మన యింట బిడ్డ కలిగినప్పుడు గడియను, నక్షత్రమును, తూకమును వ్రాసికొను చోటనే, ఆ బిడ్డను మొదట చేతులలోనికి తీసికొన్న స్త్రీ పేరును, వెంట వచ్చి రాత్రియంతయు కూర్చున్న స్త్రీ పేరును వ్రాసికొందము. బిడ్డకు మాటలు వచ్చినపిదప ఆ పేర్లు చెప్పుదము. బారసాలకు వారిని పిలిచి, పందిటి లోపల పీట వేయుదము.